మహానందికి ఇంటిల్లిపాదీ ఒక్కరోజులో: ముందు కోనేరు, తర్వాతే మిగతావన్నీ

"చిన్నపిల్లలున్నారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే బయల్దేరితే చీకటిపడేలోగా తిరిగి రాగలమా?" మహానంది పేరెత్తితే నన్ను అందరూ అడిగేది ఇదే. రావచ్చు. కాకపోతే పనుల వరస తప్పకూడదు. ముందు నీళ్లు, ఆ తర్వాత దర్శనం, ఆ తర్వాత అన్నం, మిగతావన్నీ సాయంత్రానికి. వరస తారుమారైతే మిట్టమధ్యాహ్నం కాలుతున్న బండల మీద తడిబట్టలతో, ఏడుస్తున్న పిల్లలతో నిలబడాల్సి వస్తుంది. మేమూ ఒకటి రెండుసార్లు అలా నిలబడ్డాకే ఈ పద్ధతికి వచ్చాం.

నంద్యాల దగ్గర, నల్లమల కొండల కింద శివుడి గుడి ఉన్న ఊరు ఇది. కొండల మీద పడిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, కింద ఊటగా బయటికొస్తుంది. ఆ ఊటే గుడిలోని కోనేటిని, బయటి గుండాలను నింపి, అరటి తోటల్లోకి పారుతుంది. ఎండాకాలంలోనూ ఊట ఆగదు. అందుకే మన ప్రయాణమంతా ఆ నీటి చుట్టూ అల్లుకోవాలి.

1. ఏ రోజు వెళ్లాలి

మంగళవారం నుంచి గురువారం దాకా ఏ రోజైనా మంచిదే. సోమవారం శివుడి వారం కాబట్టి రద్దీ ఉంటుంది. శని, ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి.

కార్తీక మాసం, మహాశివరాత్రి రోజులు భక్తితో ఒంటరిగా వెళ్లేవాళ్లకు సరే. మూడేళ్ల పిల్లతో, డెబ్బై ఏళ్ల పెద్దాయనతో నీళ్లలో దిగాలంటే మాత్రం ఆ రోజులు వద్దు. మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. పిల్ల చెయ్యి జారితే ఆ జనంలో వెతకడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

నెలల మాటకొస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా హాయి. నేల లోపలి నీటి చల్లదనం ఏడాదంతా పెద్దగా మారదు. మారేది బయటి గాలి. అందుకే డిసెంబరు తెల్లవారుజామున కోనేరు గోరువెచ్చగా, మే నెలలో చల్లగా తోస్తుంది. ఎండాకాలంలో కూడా స్నానం బాగానే ఉంటుంది కానీ నంద్యాల ఎండ సంగతి తెలిసిందే, పది దాటాక బయట నిలబడలేం.

వానాకాలంలో ఒక జాగ్రత్త. నల్లమలలో రెండు రోజులుగా గట్టిగా వానలు పడుతుంటే ప్రయాణం వాయిదా వేయండి. 2019 సెప్టెంబరులో కుండపోత వానకు వరద ఏకంగా ఆలయంలోకే వచ్చింది. వాగులు పొంగితే దారులు మూసుకుపోతాయి.

2. ఎక్కడి నుంచి ఎన్నింటికి కదలాలి

లెక్క సులువు. ఉదయం ఏడుకల్లా కోనేటి దగ్గర ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి.

- నంద్యాల నుంచి: 15 కిలోమీటర్ల పైచిలుకు. ఆరుకు బయల్దేరినా చాలు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి.
- కర్నూలు నుంచి: నంద్యాల దాకా 70 కిలోమీటర్ల పైన, అక్కణ్ణుంచి పై దూరం. సొంత బండి ఉంటే ఐదుకు ఇల్లు కదలాలి.
- కడప వైపు నుంచి: మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల. మూడు గంటల పైనే వేసుకోండి. మూడింటికే లేపితే పిల్లలు బండిలో మళ్లీ నిద్రపోతారు, అదే మేలు.
- గిద్దలూరు వైపు నుంచి: నల్లమల ఘాట్ దారి. నంద్యాల దాకా పోనక్కర్లేదు, గాజులపల్లె దగ్గర మహానంది వైపు తిరగొచ్చు. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు బయల్దేరేటప్పుడు కడుపునిండా పెట్టొద్దు, రెండు బిస్కెట్లు చాలు.

హైదరాబాదు నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలని చూడకండి. వెళ్లడానికే సుమారు 300 కిలోమీటర్లు. నిద్రలేని డ్రైవింగు, అలసిన పిల్లలు, దానికి తోడు నీళ్లు. ఈ మూడూ కలవకూడదు. ముందురోజు రాత్రికి నంద్యాల చేరి, గది తీసుకుని పడుకోండి.

బస్సులో వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు టికెట్ డబ్బుల్లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతి సంచిలో పైనే ఉంచుకోండి. కండక్టరు అడిగినప్పుడు సూట్‌కేసు విప్పాల్సిన పని ఉండదు.

3. ముందురోజు రాత్రి సర్దాల్సినవి

అందరి బట్టలూ ఒకే పెద్ద బ్యాగులో కుక్కడం మనం చేసే పెద్ద పొరపాటు. తడిచేతులతో ఒకరి లంగా కోసం అందరి బట్టలూ తిరగేయాలి, పొడివి కూడా తడిసిపోతాయి. మనిషికొక గుడ్డ సంచి పెట్టండి. అందులో ఒక తువ్వాలు, ఒక జత పొడిబట్టలు, లోదుస్తులు, అంతే. ఎవరి సంచి వాళ్లకు ఇచ్చేస్తే బట్టలు మార్చుకోవడం ఐదు నిమిషాల పని.

సరిచూసుకోవాల్సిన జాబితా:

- మనిషికొక పొడిబట్టల సంచి
- తడిబట్టలకు రెండు పెద్ద సంచులు, నీళ్లు కారనివి
- ఒక చెంబు లేదా మగ్గు (పసిపిల్లలకూ, నీళ్లలో దిగలేని పెద్దలకూ)
- పాత దుప్పటి ఒకటి, కూర్చోవడానికీ, బట్టలు మార్చుకునేటప్పుడు చాటు పట్టడానికీ
- పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు (ఆ పూటవి చేతి సంచిలో)
- ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, బ్యాండేజీ
- మనిషికి రెండు లీటర్ల చొప్పున తాగునీళ్లు
- చిల్లర నోట్లు, పదులూ ఇరవైలూ
- చెప్పులన్నీ కలిపి పెట్టేందుకు ఒక సంచి
- బంగారం ఇంట్లోనే. ఉంగరం చల్లని నీళ్లలో వేలు నుంచి జారిపోతుంది, వెతకడం మన వల్ల కాదు.

నీళ్లలో దిగే బట్టలు వేరుగా ఆలోచించండి. ఆడవాళ్లకు ముదురు రంగు చుడీదారు అన్నిటికన్నా నయం. ఆరు గజాల చీర నీళ్లలో బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, మెట్ల మీద అది ప్రమాదం. మగవాళ్లు పంచె కట్టుకుంటే మోకాళ్ల పైకి మడిచి గట్టిగా బిగించాలి. పిల్లలకు ఎరుపు, నారింజ లాంటి రంగుల చొక్కాలు వేయండి. నీలం, ఆకుపచ్చ వేస్తే నీళ్లలో చప్పున కనిపించరు.

4. అన్నం సంచి

చింతపండు పులిహోర ఈ ప్రయాణం కోసమే పుట్టినట్టుంటుంది. చేత్తో తినొచ్చు, సాయంత్రం దాకా చెడదు. పులుసు బాగా మగ్గనిచ్చి, అన్నం పూర్తిగా చల్లారాక కలిపి, ఆవిరి లేకుండా డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే పదకొండుకల్లా వాసనొస్తుంది.

పెరుగన్నానికి ఒక చిట్కా. తెల్లవారుజామున అన్నం మెత్తగా మెదిపి గోరువెచ్చని పాలు పోసి, ఒకే ఒక చెంచా పెరుగు కలపండి. దారిలోనే తోడుకుంటుంది. పన్నెండున్నరకు డబ్బా తెరిస్తే పులుపెక్కని కమ్మటి దద్దోజనం. ఇంట్లోనే పెరుగంతా కలిపితే మధ్యాహ్నానికి పిల్లలు నోట పెట్టలేరు. ఉప్పు తినేముందు కలుపుకోవాలి, పోపు విడిగా చిన్న డబ్బాలో పట్టుకెళ్లాలి.

కొబ్బరి పచ్చడి వద్దు, ఉడికించిన బంగాళాదుంప కూర వద్దు. ఆ వేడికి ఆగవు. పొద్దున పలహారం కావాలంటే నంద్యాలలో ఆగి ఉగ్గాని, బజ్జీ కట్టించుకోండి. స్నానమయ్యాక అందరికీ ఆకలి దంచేస్తుంది, అప్పుడు తినొచ్చు.

5. దిగే ముందు పది నిమిషాలు

మహానందిలో స్నానానికి మూడు గుండాలు. గోపురం బయట రెండు చిన్నవి, బ్రహ్మగుండం, విష్ణుగుండం. ఆలయం లోపల పెద్దది, నడుమ మండపంతో, రుద్రగుండం. లోపలి దానిలో స్నానానికి ఎప్పుడు వదులుతారన్నది రోజును బట్టి, రద్దీని బట్టి మారుతుంది. చేరగానే గేటు దగ్గర సిబ్బందిని అడిగి, అప్పుడే ఎక్కడ దిగాలో తేల్చుకోండి. కుటుంబంతో వెళ్లినవాళ్లకు బయటి గుండాలే సుఖం.

ఈ పది నిమిషాల్లో చేయాల్సినవి:

- పెద్దవాళ్లలో ఒకరిని ఒడ్డున ఉండేలా ఒప్పించండి. సంచులు, ఫోన్లు, తాళాలు ఆ మనిషి దగ్గరే. తర్వాత వంతు మార్చుకోవచ్చు.
- ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దవారిని పేరు పెట్టి అప్పగించండి. "అందరం చూస్తున్నాంలే" అన్నచోట నిజానికి ఎవరూ చూడరు.
- బట్టలు మార్చుకునే గదులు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.
- కోతులుంటాయి. తినే సంచులకు మూతి కట్టి, ఒడ్డున ఉన్న మనిషి ఒళ్లో పెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కోనేటి నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మా బొరుసూ చెప్పొచ్చు. మనల్ని మోసం చేసేది ఆ తేటదనమే. పైనుంచి చూస్తే నీటి లోతు అసలు లోతులో ముప్పాతిక వంతే ఉన్నట్టు కనిపిస్తుంది. నీటిలోంచి బయటికొచ్చే వెలుగు వంగడం వల్ల అడుగు పైకి లేచినట్టు తోస్తుంది. ఐదడుగుల నీళ్లు మూడున్నర, మూడుముప్పావు అడుగుల్లా కనిపిస్తాయి. రుద్రగుండంలో లోతు ఐదడుగుల పైన ఉంటుంది. "మా వాడి ఛాతీ దాకా వస్తుందేమో" అనుకున్నచోట పిల్లాడు పూర్తిగా మునిగిపోతాడు.

మా చెల్లెలి కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. పై మెట్టు మీద నిలబడి అడుగున మెరుస్తున్న నాణెం కోసం వంగాడు. మరుక్షణం వాడి జుట్టు మాత్రమే కనిపించింది. పక్క మెట్టు మీదున్న మా పిన్ని ఆ జుట్టే పట్టి లాగింది. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు తర్వాత మా ఇంట్లో లోతును కళ్లతో కొలవడం మానేశాం. పెద్దవాళ్లు దిగి ఒంటితోనే కొలుస్తారు, ఆ తర్వాతే పిల్లలు.

6. నీళ్లలో దిగే వరస

1) ముందు ఈత వచ్చిన పెద్దవాళ్లు ఒకరు దిగి అడుగున నిలబడాలి. నీళ్లు తమ ఒంటి మీద ఎక్కడికి వచ్చాయో బయటివాళ్లకు చెప్పాలి.

2) మెట్లను నమ్మకండి. నీటి కింద ఉన్న మెట్ల మీద పాచి ఉంటుంది. మెట్టు మీద పాదం మొత్తం ఆనించి, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టూ దిగాలి. ముందుకు చూస్తూ టకటకా దిగినవాళ్లే జారతారు.

3) పెద్దవాళ్లను దించేటప్పుడు ఒకరు వాళ్లకంటే ఒక మెట్టు కింద, మరొకరు పక్కన ఉండాలి. చెయ్యి పట్టుకోవడం కాదు, మోచేయి కింద ఆసరా ఇవ్వాలి. చేతివేళ్లు తడిస్తే జారతాయి, మోచేయి జారదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడుము దాకా దిగనక్కర్లేదు. రెండో మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకుంటే చాలు. మా అమ్మ గత ఐదేళ్లుగా అలాగే చేస్తోంది, తృప్తిలో ఏ లోటూ లేదు.

4) పిల్లలకు ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, తర్వాత భుజాలు తడపండి. ఒక్కసారిగా ముంచితే ఊపిరి బిగబట్టి భయపడతారు, ఆ భయం ఏళ్ల తరబడి పోదు. మూడు మునకలు వేయించాలంటే ముక్కు మూయించి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి ముంచాలి.

5) ఏడాది లోపు పసివాళ్లను కోనేటిలో దించొద్దు. ఎండ తగిలే చోట కూర్చుని చెంబుతో కాసిన్ని నీళ్లు కాళ్ల మీద పోయండి.

6) పదిహేను, ఇరవై నిమిషాలకు పిల్లల పెదవులు చూడండి. నీలంగా మారుతుంటే, పళ్లు టకటకలాడుతుంటే ఎంత ఏడ్చినా బయటికి తెచ్చేయాలి.

మూర్ఛ వచ్చేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు మెట్ల మీదే స్నానం చేయాలి. పుండ్లు, విరేచనాలు ఉన్నవాళ్లు దిగొద్దు. అది మిగతావాళ్ల పట్ల మన మర్యాద.

ఇక సబ్బు, షాంపూ, నూనె. దయచేసి వద్దు. ఒకవైపు ఊట వస్తుంటే మరోవైపు నీళ్లు పారిపోతూ ఉంటాయి కదా అనుకుంటాం. పారిపోయే ఆ నీళ్లు వెళ్లేది అరటి తోటల్లోకే. ఒకసారి కాలువ గట్టున నిలబడి చూశాను, నురగ మీద తేలుతూ ఒక షాంపూ పొట్లం, దాని వెనకే దీపం పెట్టిన ఆకుదొన్నె. పిల్లాడు "ఇది ఎక్కడికి పోతుంది" అనడిగితే నా దగ్గర జవాబు లేదు. వాడిన బట్టలు నీళ్లలో వదలడం, పసుపు కుంకుమ పొట్లాలతో సహా విసరడం కూడా అంతే. మన పొట్లం మన సంచిలోనే తిరిగి రావాలి.

స్నానం చేసే గుండంలోని నీళ్లు పిల్లలతో తాగించకండి. ఊట స్వచ్ఛమైనదే. కానీ మనతో పాటు ఎంతోమంది దిగిన నీళ్లు అవి. తీర్థంగా తల మీద చల్లుకుంటే చాలు.

7. పొడిబట్టలు, దర్శనం

బయటికి రాగానే ముందు పిల్లల తల, చెవులు తుడవండి. తర్వాత పెద్దవాళ్లు. బలంగా ఉన్నవాళ్లు చివర. తడిబట్టలు అక్కడే గట్టిగా పిండి సంచిలో వేయాలి. కారులో నీళ్లు కారితే సాయంత్రానికి వాసన భరించలేం.

పలహారం పెట్టి, మాత్రలు వేయించి అప్పుడు దర్శనానికి వెళ్లండి. ఖాళీ కడుపుతో, తడి తలతో క్యూలో నిలబెడితే షుగరున్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నియమంగా ఉపవాసం ఉండేవాళ్లు పెద్దవాళ్లతో ముందు దర్శనం ముగించుకోవాలి, పిల్లలున్నవాళ్లు తర్వాత వెళ్లాలి. కుటుంబమంతా కలిసే నిలబడాలన్న పట్టుదల అక్కర్లేదు. దర్శనం, అభిషేకం వేళలు ముందురోజే కనుక్కుని ఉండండి.

ఎనిమిదిన్నర, తొమ్మిదికి దర్శనమైపోతే మిగిలిన రోజంతా మీదే.

8. మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడున్నర దాకా ఏ పనీ పెట్టుకోకండి. ఎండ తగిలిన బండలు పిల్లల పాదాలను బొబ్బలెక్కిస్తాయి. నీడలో దుప్పటి పరిచి, తిని, ఒక కునుకు తీయడమే ఆ పూట పని. అద్దె గది దొరికితే అర్ధపూటకైనా తీసుకోవచ్చు, పెద్దవాళ్లకు నడుం వాల్చే చోటు దొరుకుతుంది. ఆకులు, పొట్లాలు, సీసాలు ఒక సంచిలో కట్టి చెత్తబుట్టలో వేయండి. చెట్టు మొదట్లో వదిలితే పది నిమిషాల్లో కోతులు ఊరంతా పరుస్తాయి.

9. నవనందుల్లో ఎన్ని

నంద్యాల, మహానంది చుట్టుపక్కల ఉన్న తొమ్మిది నంది క్షేత్రాలే నవనందులు. తొమ్మిదీ చూడాలని చాలామందికి కోరిక. పిల్లలు లేకుండా, సొంత బండి ఉంటే కుదురుతుంది. పిల్లలతో మూడు చాలు. గరుడనంది ఊరి మొదట్లోనే ఉంటుంది. వినాయకనంది మహానంది గుడికి దగ్గరే. ఇంకొకటి కావాలంటే తెలుగుగంగ కాలువ వైపున్న విష్ణునంది. మిగిలిన ఓపిక ఉంటే నంద్యాల మీదుగా తిరిగొచ్చేటప్పుడు ప్రథమనంది చూసుకోవచ్చు, అది ఊళ్లోనే ఉంది.

ఇదే రోజు యాగంటి, బెలుం గుహలు, అహోబిలం కూడా కలపాలని చూడకండి. యాగంటిలోనూ చక్కని పుష్కరిణి ఉంది, నంది నోట్లోంచి నీళ్లు పడతాయి. దాని కోసం ఇంకో రోజు పెట్టుకోండి. నాలుగు చోట్లు కలిపితే నాలుగు చోట్లా బండి దిగి ఎక్కడమే మిగులుతుంది.

10. చీకటిపడేలోగా

నల్లమల అంచు ఇది. 2024లో ఆలయ పరిసరాల్లో చిరుత తిరిగింది. భయపడి మానుకోమని కాదు, ఐదున్నరకల్లా బండెక్కమని నా మాట. అరటి తోటల్లోకి ఫొటోల కోసం పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. పొద్దు వాలాక కాలకృత్యాలకు తోట గట్టులకు పోవద్దు, మరుగుదొడ్లు వాడండి. ఘాట్ దారిలో తిరిగి వెళ్లేవాళ్లు ఇంకో గంట ముందే కదలాలి, దారిలో ఎక్కడా దిగొద్దు.

అరటిపళ్లు చివర్లో కొనండి. పొద్దున్నే కొంటే ఎండకు మెత్తబడతాయి, లేదంటే కోతులు గుంజుకుంటాయి. ఇంటికి తీసుకెళ్లే గెలలో సగం పచ్చివి ఉండేలా చూసుకోవాలి. వారం పాటు రోజుకు కొన్ని పండుతూ వస్తాయి.

11. తప్పు జరిగితే అప్పటికప్పుడు

- ఆలస్యంగా చేరారు, తొమ్మిదయింది: స్నానం సాయంత్రం నాలుగుకు మార్చండి. ముందు దర్శనం, అన్నం, నిద్ర. మిట్టమధ్యాహ్నం గుంపులో దిగొద్దు.
- ఎవరైనా మెట్ల మీద జారారు: వెంటనే లేపకండి. కదలనివ్వకుండా తల, మణికట్టు, తుంటి నొప్పి ఉన్నాయేమో అడగండి. పెద్దవాళ్లు తుంటి నొప్పి అంటే నడిపించొద్దు, 108కు ఫోన్ చేయండి.
- పిల్లాడు నీళ్లు మింగాడు: దగ్గి తేరుకుంటే ఒక పూట గమనించండి. దగ్గు ఆగకపోయినా, మగతగా ఉన్నా, ఆయాసపడినా నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఇంటికి చేరాక చూద్దామనుకోకూడదు.
- పిల్ల తప్పిపోయింది: ఒకరు నీళ్ల దగ్గరకే పరుగెత్తాలి, ఇంకొకరు ఆలయ మైకు దగ్గరకు. ముందు వెతకాల్సింది గుండంలోనే. బయల్దేరే ముందే ప్రతి పిల్ల చొక్కా లోపలి వైపు ఫోను నంబరు పెన్నుతో రాయండి.
- చెవిలో నీళ్లు పోయాయి: పుల్ల పెట్టొద్దు. తల ఆ పక్కకు వంచి, చెవి తమ్మెను మెల్లగా లాగి కాసేపు ఉంచితే కారిపోతాయి.
- తడిబట్టల సంచి ఇంటికొచ్చాక మర్చిపోయారు: ఆ రాత్రే విప్పి ఆరేయండి. తెల్లారితే నల్లమచ్చలు పడతాయి, ఉతికినా పోవు.